మినిట్స్‌లో నవ్వు రాయరు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో అంటారు. నిజానికి లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక మర్యాదగా విడిపోయాం. ఆ తర్వాత బరువులెత్తాను. ఎత్తినందుకు సైన్యం ఉద్యోగమిచ్చి, విజయనగరం వైపు నుంచి తెచ్చి ఢిల్లీ కంటోన్మెంటులో పడేసింది. మోకాళ్ళు అరిగాక బయటికొచ్చి, ఫరీదాబాద్‌లో రెండు ఫ్యాక్టరీల మధ్య ఒక రేకుల షెడ్డు తీసుకుని పిల్లల చేత బరువులెత్తిస్తున్నాను.

మా క్రీడా సంఘం నన్ను కమిటీలో ఆటగాళ్ళ ప్రతినిధిగా కూర్చోబెట్టింది నా తెలివి చూసి కాదు. ఆటగాళ్ళ తరఫున ఒక మనిషి ఉండి తీరాలని రూలొచ్చింది. చదువుకున్నవాణ్ణి పెడితే కాగితాలు చదువుతాడు. నన్ను పెడితే నవ్విస్తాను. నీలం బ్లేజరు ఒకటి కుట్టించి ఇచ్చారు. పెళ్ళిళ్ళకి కూడా అదే వేసుకెళ్ళేవాణ్ణి.

మీటింగుల పద్ధతి ఇది. ఆటగాళ్ళ సమస్యలు ఎప్పుడూ చివరి అంశం. అక్కడికొచ్చేసరికి భోజనం వస్తుంది. అందరూ ప్లేట్లు చేతికి తీసుకున్నాక అధ్యక్షుడు నా వైపు తిరిగి, "హా భయ్యా, సునావో" అంటాడు. నేనేదో ఒకటి వినిపిస్తాను. నవ్వుతారు. కార్యదర్శి ఏదో రాసుకుంటాడు. దాంతో దేశంలోని ఆటగాళ్ళ సమస్యలు ఆ పూటకి తీరిపోతాయి.

మా షెడ్డులో ఒక అమ్మాయి ఉండేది. మా జిల్లా పిల్లే. డిగ్రీ చదివింది. తన బరువు విభాగంలో ఆ ఏడాది ఆమెను మించి ఎత్తినవాళ్ళు లేరు. విదేశీ పోటీకి వెళ్ళడానికి ఆ విభాగంలో ఒక్కటే చోటు. సెలక్షన్ ట్రయల్ శుక్రవారమన్నారు. తర్వాత రెండు రోజులు ముందుకి, బుధవారానికి జరిపి, జరిపిన సంగతి ఢిల్లీలో ఆఫీసు గోడకి అతికించారు. ఫరీదాబాద్ నుంచి ఆ గోడ కనపడదు. శుక్రవారం మేం వెళ్ళేసరికి బరువుల బార్లు కూడా సర్దేశారు. ఆమెకి గైర్హాజరు వేసి, ఆమెకన్నా తక్కువ ఎత్తే పిల్లని ఎంపిక చేశారు. ఆ పిల్ల ఎవరి మేనకోడలో నేను చెప్పను. కమిటీలో తెలియనివాళ్ళు లేరు.

జట్టు జాబితా పైకి పంపడానికి ఇంకా పది రోజులుంది. ఆరో రోజున కమిటీ మీటింగు. ఇంకోసారి ట్రయల్ పెట్టమని అందులో నేను అడగాలి. నా పని అంతే. అడిగితే కాదనడానికి వాళ్ళకి కాగితం మీద రాసుకునే కారణం లేదు.

మీటింగు ముందురోజు ఆ అమ్మాయి నా చేత వల్లె వేయించింది.

"ఏటంటావన్నా, ఒకపాలి చెప్పు."

"ఆమెకి కబురందలేదు. బరువు సరిగ్గా ఉంది. మళ్ళీ ట్రయల్ పెట్టండి."

"మజ్జిలో జోకులెయ్యకు."

"ఒక్కటి?"

"సగం కూడా వద్దు."

ట్రయల్‌కి ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి ఆమె అన్ని రోజులూ కడుపు మాడ్చుకుని బరువు నిలబెట్టుకుంది. పూటకి సగం రొట్టె, నాలుగు కీరా ముక్కలు. రోజూ పొద్దున్నే కాటా ఎక్కితే ముల్లు చూసేది నేనే. ఒళ్ళు తన విభాగం గీత దాటితే ట్రయల్లో ఎత్తనివ్వరు. ఒక్కరోజు కూడా దాటలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. "నీ బుగ్గల్లో టీ పోసుకుని తాగొచ్చే" అన్నాను. నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక తీసి పెట్టుకోవాల్సిన రోజులవి, నాకు తట్టలేదు.

మీటింగు రోజు మెట్రోలో దారిపొడుగునా ఆ మూడు మాటలూ హిందీలో అనుకుంటూ వెళ్ళాను. పక్కన కూర్చున్నాయన నేనేదో జపం చేస్తున్నాననుకుని కొంచెం జరిగి చోటిచ్చాడు.

చివరి అంశం వచ్చింది. ప్లేట్లు వచ్చాయి. "హా భయ్యా, సునావో" అన్నాడు అధ్యక్షుడు.

నేను లేచి, "సర్, ఆ అమ్మాయి ట్రయల్ సంగతి..." అన్నాను.

చెంచాలు ఆగిపోయాయి. ఉపాధ్యక్షుడు తన పనీరు ముక్కని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. రెండు వందల కిలోలు నెత్తిమీదికి ఎత్తినప్పుడు నాకు భయం వెయ్యలేదు. నవ్వని గదిలో నిలబడితే వేసింది.

"అచ్ఛా, వో లడ్కీ," అన్నాడు అధ్యక్షుడు. "ఇంతకీ ట్రయల్‌కి ఎందుకు రాలేదంటావ్?"

కబురందలేదు. జవాబు నోట్లోనే ఉంది. దాని బదులు ఇంకొకటి బయటికొచ్చింది.

"ఆమె వచ్చేదే సర్. ఆమె ఎక్కబోతోందని విని కాటా మెడికల్ లీవు పెట్టింది."

గదంతా ఘొల్లుమంది. ఉపాధ్యక్షుడికి పొలమారింది. అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుంటూ, "తో వజన్ జ్యాదా థా," అన్నాడు, అదీ సంగతి, బరువెక్కువన్నమాట అని. నేను కాదనలేదు. వాళ్ళ మొహాలు మళ్ళీ నా వైపు తిరిగి వెలుగుతున్నాయి. ఎవరో వచ్చి నా ప్లేట్లో గులాబ్ జామూన్ వేశారు. తిన్నాను. చాలా బాగుంది.

మూడు రోజులకి మినిట్స్ వచ్చాయి. ఇంగ్లీషు కాగితం. నాకు అందులో నా పేరు తప్ప ఇంకేమీ కనబడదు. షెడ్డులో బెంచీ మీద కూర్చుని ఆ అమ్మాయే చదివి తెలుగులో చెప్పింది.

"ఆఖరి అంశం. 'సదరు క్రీడాకారిణి ఉండాల్సిన బరువుకన్నా ఎక్కువ ఉన్నందువల్ల ట్రయల్‌కి హాజరు కాలేదని ఆటగాళ్ళ ప్రతినిధి కమిటీకి తెలియజేశారు. మళ్ళీ ట్రయల్ అవసరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'"

తనే తప్పు చదివిందేమోనని ఆ వాక్యాలు మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది.

"ఇలాగన్నావా అన్నా?"

"అది జోకే. అందరూ నవ్వారు."

"నవ్వినట్టు ఇందులో లేదు."

మర్నాడు జాబితా వెళ్ళే రోజు. అది జోకని రాసిచ్చి రమ్మని ఆ అమ్మాయి చెబితే ఢిల్లీలో కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడేం కాదు, టీ తెప్పించాడు. అది హాస్యానికన్న మాట, నిజం కాదన్నాను.

"ఠీక్ హై. కమిటీకి అబద్ధం చెప్పానని రాసి సంతకం పెట్టు," అంటూ తెల్ల కాగితం నా ముందుకి తోశాడు. "అది చేతిలో ఉంటే జాబితా ఆపి ట్రయల్ పెట్టిస్తాను, పెట్టక తప్పదు. కానీ అబద్ధం చెప్పినవాడు కమిటీలో ఉండలేడు. నీ షెడ్డుకి సంఘం గుర్తింపు కూడా పోతుంది. మూడింటి దాకా ఇక్కడే ఉంటాను. సోచ్ లో, ఆలోచించుకో."

అప్పటికి పదకొండున్నర. గుర్తింపు పోతే షెడ్డులో మిగతా పిల్లల గతేమిటని ఆలోచించాను. అంతకుముందు వాళ్ళ గతి గురించి అంత శ్రద్ధగా ఎప్పుడూ ఆలోచించలేదు. బ్లేజరు గురించి కూడా ఆలోచించాను. బయటికొచ్చి టీ కొట్టు ముందు కూర్చున్నాను. ఆటోవాళ్ళు చేరారు. కబుర్లలో పడ్డాను. వాళ్ళని కూడా బాగా నవ్వించాను. వాచీ నాలుగైదుసార్లు చూసుకున్నాను. చివరిసారి చూసినప్పుడు మూడుంపావు.

ఫరీదాబాద్ చేరేసరికి అయిదు దాటింది. ఆ అమ్మాయి షెడ్డు పక్క ధాబాలో కూర్చుని ఉంది. ముందు పళ్ళెం నిండా రాజ్మా చావల్, పక్కన రెండు పరాఠాలు. జాబితా అప్పటికే ఆమె ఫోన్లోకి వచ్చేసిందని పళ్ళెం చూస్తే అర్థమైంది. ఎదురుగా కూర్చున్నాను.

"రాసిచ్చావా?"

"లేదు."

తలూపి, వెనక్కి తిరిగి, "భయ్యా, చావల్ ఔర్ దేనా," అని కేకేసింది. వేడన్నం వచ్చింది. రోజుల తరబడి ఆకలి మీదున్న మనిషి తినే తిండి ఎదురుగా కూర్చుని చూడటం కష్టం.

"వచ్చే ఏడాది..." అని మొదలుపెట్టాను.

"ఇంతకీ ఆ జోకేటన్నా?" అంది.

"ఏ జోకు?"

"ఆల్లందరూ నవ్వేరన్నావు కదా. కాయితంలో అది రాయలేదు. చెప్పు."

ఇప్పుడెందుకులే అన్నాను. ఆమె అన్నం కలపడం ఆపేసి నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. చెప్పాను. హిందీలో అన్నదాన్నే తెలుగులో చెప్పాను, ఆమె రావడం, కాటా మెడికల్ లీవు పెట్టడం.



"తెలుగులో అంత బాగులేదు," అని మళ్ళీ అన్నం కలుపుకుంది.