దూడ వాటా

పాతబస్తీ బడిలో మా లెక్కల మాస్టరు ప్రతి లెక్కకూ ముందు బొమ్మ గీసేవారు. తరువాత సుద్దముక్క పైకెత్తి, "ఏమన్న మర్చిపోయినమా?" అని అడిగేవారు.

ఆ ఏడు పరీక్షలో, రోజుకు ఎనిమిది సేర్ల పాలిచ్చే బర్రె పది రోజుల్లో ఎన్ని సేర్లిస్తుందని అడిగారు. పాలవాళ్లింటి నా మిత్రుడు బర్రెను గీసి, నాలుగో చన్ను దూడకు విడిచి, అరవై అని రాశాడు. ఆ లెక్క పోతే వాడు తప్పుతాడు. తప్పితే వాళ్ల బాపు బడి మాన్పిస్తాడు.

మాస్టరు హెడ్మాస్టరుతో ఎంతో వాదించి, తలవంచుకుని తిరిగివచ్చారు. "జవాబు ఎనభైయేనంట, బేటా. వాళ్ల లెక్కల దూడ లేదంట," అంటూ తానే సున్న చుట్టారు.

"మరి దూడ ఏం తాగాలె సార్?" అన్నాడు వాడు.

మరునాడు కూడా మాస్టరు బొమ్మ గీశారు. సుద్దముక్క మాత్రం పైకెత్తలేదు.