పందిట్లో పలకని పేరు

దీన్ని ఇంతకుముందే రాయకపోవడానికి ఒక కారణం అందరికీ తెలిసిందే. నాకు అప్పట్లో అక్షరాలు రావు. గొర్రెల మంద వెనక తిరిగే పిల్లకు పలక ఎవరు కొనిస్తారు? మనవరాళ్లు బడికి పోయే వయసులో, మా నేరేడుచర్లకు పెద్దవాళ్లకు చదువు చెప్పే పంతులమ్మ ఒకామె వస్తే అప్పుడు నేర్చుకున్నాను. రెండో కారణం ఆ పంతులమ్మే. కోపంలో ఏదీ రాయొద్దమ్మా, తగ్గాక రాయాలి అంది. సరేనని ఆగాను. వేళ్లు వంకర్లు పోయాయి, కంట్లో పొర వస్తే తీయించుకున్నాను, పళ్లు కూడా నన్ను వదిలి వెళ్లాయి. కోపం మాత్రం తగ్గలేదు. మొన్న కోదాడ దగ్గర మా పుట్టింటివాళ్ల ఊరికి కులపోళ్ల ఫంక్షనుకని పోయి, అక్కడి హాల్లో గోడంత ఫ్లెక్సీ చూశాక, ఇది తగ్గేది కాదని తెలిసిపోయి రాయడానికి కూర్చున్నాను.

ఆ ఫ్లెక్సీ మా పెద్దనాయన మునిమనవడు వేయించాడు. పెద్దనాయన అంటే మా నాయనకు సొంత అన్న. పిల్లవాడికి సూర్యాపేటలో ఉద్యోగం. మంచివాడే, ఎక్కడ కనబడ్డా కాళ్లకు దండం పెడతాడు. ఆ ఊరికి మొదట వచ్చి స్థిరపడ్డ కుటుంబాలేవో వెతికి, ముసలివాళ్లందరినీ అడిగి, కొమ్మలూ రెమ్మలూ గీసి చెట్టులాగా చేయించాడు. మర్నాడు కులపోళ్లందరి ముందు దాన్ని చూపించాలి. "సదువు నాయనమ్మా, నీకు సదువొచ్చు గదా" అని నన్ను ముందుకు నెట్టాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. పైన మా తాత పేరు ఉంది. కింద పెద్దనాయన పేరు. పక్కన ఏమీ లేదు.

"మా నాయన ఏడిరా?" అన్నాను.

"జైలోళ్ల ఇండ్లు వేరే గదా నాయనమ్మా. ఇది సొంతంగ వచ్చి ఊరు కట్టినోళ్లది. ఫంక్షన్ల జైలు ముచ్చట ఎందుకని మా తాతనే వద్దన్నడు."

"మీ ముత్తాత సొంతంగ వచ్చిండా? ఉరికొచ్చిండురా!"

ముసలిదాని ముచ్చట అనుకుని వాడు నవ్వాడు. సెల్‌ఫోను మోగితే బయటికి పోయాడు.

ఆ ఊరికి రెండు వాడలు. గొడవల కాలంలో మందలు తోలుకుని వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లది పై వాడ. మొగవాళ్లు జైళ్లలో పడ్డాక, ఊళ్లో బతకలేక పిల్లలతో వచ్చి చేరిన ఆడవాళ్లది కింది వాడ. అందరం ఒకే కులం, ఒకే దేవుళ్లు. అయినా పై వాడలో నాకు పేరు లేదు, నేను జైలోళ్ల పిల్లను. ఆ వాడ కుక్కలు కూడా మనల్ని చూసి వేరే తీరుగా మొరుగుతాయని మా అమ్మ అనేది.

మాది పెన్‌పహాడ్ పక్క పల్లె. రజాకార్ల భయానికి పెద్దనాయన ఇంట్లో ఉన్న మందంతా, మా వాటా జీవాలు కూడా కలిపి, కోదాడ మీదుగా సరిహద్దు దాటించాడు. మా నాయన పోలేదు. నాయనమ్మ మంచం పట్టి ఉంది, మంచాన్ని మందతో తోలలేరు కదా. రజాకార్ల మీద తిరగబడి గుట్టల్లో దాక్కున్న సంఘంవాళ్లు ఆకలని వస్తే అమ్మ రొట్టెలు చేసింది, నాయన మోసుకుపోయి ఇచ్చాడు. రజాకార్లు పోయి మిలటరీ వచ్చినప్పుడు, పీడ విరగడైందని ఊరంతా బోనాలు వండుకుంది. ఆ మిలటరీయే వచ్చి, రొట్టెలు ఇచ్చినందుకు మా నాయనను లారీ ఎక్కించింది. కొడుకు పోయిన దిగులుతో నాయనమ్మ కొద్దిరోజులకే కన్నుమూసింది.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని సూర్యాపేట క్యాంపుకు నడిచింది. గేటు దగ్గర జవాను అడిగింది ఒకటే, మనిషి పేరేమిటని. అమ్మ పలకలేదు. మా దాంట్లో పెండ్లాము మొగుడి పేరు పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. "గుట్ట మీది దేవుని పేరే అయ్యా" అని గుట్ట దిక్కు చేయి చూపించింది. అతనిది ఏ దేశమో, తెలుగే రాదు. గుట్ట వైపు చూశాడు, అమ్మను చూశాడు, నవ్వి తుపాకీ మడమతో పక్కకు తోశాడు. నన్ను అడిగింది అమ్మ. నాకు తెలిసింది "నాయిన" అనే పేరొక్కటే, అదే చెప్పాను.

ఎవరో మిర్యాలగూడలో అడగమన్నారు. అక్కడ గుమాస్తా తెలుగువాడు. "పేరు సెప్పకుంటే ఎట్ల ఎతకాలె తల్లీ, వాసన సూసి ఎతకాల్నా?" అని కసిరాడు. మా ఊరి పెద్దమనిషి ఒకాయన అదే పనిమీద వచ్చి ఉంటే, అమ్మ తరఫున ఆయన పలికాడు. గుమాస్తా కాగితాలు తిప్పి, "మొన్నటిదాంక సూర్యాపేట క్యాంపులనే ఉండె గదమ్మా. ఇప్పుడు పెద్ద జైలుకు తోలిన్రు" అన్నాడు. అమ్మ ఎర్రటి ఎండలో రోడ్డు మీదనే కూలబడింది. జవాను నిలబడ్డ ఆ గేటు వెనకాలే మా నాయన ఉన్నాడు. ఆ తర్వాత మాకు అందింది జైలు నుంచి వదిలిపెట్టిన మనిషొకడు తెచ్చి ఇచ్చిన గొంగడి. నాయన రోగం చేసి పోయాడని ఆ మనిషి చెప్పాడు.

అట్లా మేము కింది వాడలో పడ్డాం. మా కులానికి వంశాలు చెప్పే తాత ఒకాయన కొన్నేళ్లకోసారి వస్తాడు, అందరి పుట్టుపూర్వోత్తరాలూ నోటికే చెబుతాడు. పందిట్లో గొంగడి పరుస్తారు. ఏ ఇంటి పేరు పలికితే ఆ ఇంటివాళ్లు లేచి గుప్పెడు జొన్నలు పోయాలి. జొన్నలు పడ్డాయంటే ఆ పేరు వంశంలో ఉన్నట్టు. మేము చేరాక ఆయన మొదటిసారి వచ్చినప్పుడు, పెద్దనాయన పేరు చెప్పి, మా నాయన పేరు చెప్పకుండానే ఆయన తర్వాతి ఇంటికి పోయాడు. మా అమ్మ లేచింది. పిలవకుండానే పోయి గుప్పెడు జొన్నలు పోసింది.

"పలుకు తాతా" అంది.

తాత పెద్దనాయన మొహం చూశాడు. పెద్దనాయన, "జైలుల సచ్చినోని పేరు పందిట్ల పలుకుతరా? కూసో అమ్మా, ఇజ్జత్ తియ్యకు" అన్నాడు.

"నీ మందల సగం జీవాలు ఆయనయి బావా. వాటి పాలు తాగంగ ఇజ్జత్ యాదికి రాలేదా? మీ అమ్మ మంచం కాడ ఉన్నడు గనక ఆయన దొరికిండు. ఉరికినవ్ గనక నువ్వు దొరకలే."

అప్పుడు మా అమ్మ మా నాయన పేరు పలికింది, ఇంటి పేరుతో సహా, గట్టిగా. పందిట్లో అసలు గగ్గోలు అప్పుడు పుట్టింది. జైలు సంగతి అందరూ మరిచారు.

"అయ్యో, మొగని పేరు పలికెనమ్మా! నోరు పడిపోను!" అని ఒకామె చెంపలేసుకుంది.

"సూర్యాపేట గేటు కాడ పడిపోయింది సాలదానే?" అంది అమ్మ.

తాత మాత్రం ఆ పేరు పలకలేదు. గొంగడి నాలుగు మూలలూ కలిపి మూట కట్టి, మా జొన్నలు కూడా ఎత్తుకుపోయాడు. ఆ జొన్నల మీద నాకు ఇవాళ్టికీ కోపమే. పేరు వద్దన్నవాళ్లకు గింజలు ఎందుకు?

మొన్న ఫంక్షను నాడు పొద్దున్నే లేచి, కొంగున గుప్పెడు జొన్నలు కట్టుకుని, మనవరాలి సంచిలోంచి లావు పెన్ను తీసుకుని హాలుకు పోయాను. వంటవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. "ఏం గావాలె ముసలమ్మా?" అన్నాడు ఒకడు. కుర్చీ కావాలన్నాను. వేశాడు, పడిపోతానని పట్టుకున్నాడు కూడా. పెద్దనాయన పక్కన ఉన్న ఖాళీలో మా నాయన పేరు రాశాను. ఆ చెట్టులో ఆడపేరు ఒక్కటీ లేదు గనక, పక్కనే మా అమ్మ పేరు ఇంకొంచెం పెద్దగా రాశాను. దిగి, ఫ్లెక్సీ కింద జొన్నలు పోసి, రెండు పేర్లూ హాలంతా వినబడేటట్టు చదివాను. అమ్మ ఒక్క గుక్కలో పలికిన పేరు, అక్కడినుంచి ఆ గోడ మీదికి రావడానికి నా బతుకంత కాలం పట్టింది.