ముప్పై ఒకటో పన్ను

జపాన్ తీరాన నగాహమ ఊళ్ళో ఆడవాళ్ళు షినోని చాటుగా ‘ఎందుకమ్మ’ అనుకునేవారు. ఎదురుగా అన్నా ఆమె ఏమీ అనుకునేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు తిమింగలం మాంసాన్ని పలచగా కోసి, సోయా రసంలో నానబెట్టి, వెదురు తడికల మీద ఎండేస్తుంటే, ఎండిన మాంసం అంత నల్లగా ఎందుకవుతుందని అడిగింది. తినేవాళ్ళకి నోరుంటే చాలు, కారణం అక్కర్లేదని అత్తగారు కసిరింది. షినో నోరు మూసుకుంది గానీ ఆ ప్రశ్న మాత్రం ఆమె లోపల అలాగే ఉండిపోయింది.

భర్త గెంజో కోత షెడ్డులో పెద్దకత్తి పట్టేవాడు. వేసవి మూడు నెలలూ పడవలు ‘సుచి’లను లాక్కొచ్చేవి. చెక్క సుత్తిలాంటి తల, పొడవాటి ముక్కు, ముప్పై అడుగుల పైచిలుకు ఒళ్ళు ఉండే తిమింగలాలవి. తెచ్చినదాన్ని ఒక రాత్రంతా ఒడ్డు నీళ్ళలోనే ఉంచి, తెల్లారగానే షెడ్డు గచ్చు మీదికి లాగేవారు. గెంజో మనిషంత పొడుగు కర్రకున్న కత్తితో కొవ్వు పొర చీలుస్తుంటే, ఆడవాళ్ళు పేగులు కడిగి, చిన్న ముక్కలు కోసేవారు. బయట ఊరి జనం బకెట్లు పట్టుకుని వరసలో నిలబడేవారు. షినోకి ముప్పై ఏళ్ళు దాటేదాకా ఆమె వేసవులన్నీ ఇలాగే గడిచాయి.

1976లో టోక్యో నుంచి నెగోరో అనే సన్నటి డాక్టరు వచ్చాడు. మనుషుల డాక్టరు కాదు, తిమింగలాల మీద పరిశోధన చేసేవాడు. ప్రతి సుచికీ కింది దవడ కొసన రెండు పెద్ద పళ్ళుంటాయి, వాటిలో ఒకటి పీకి, ఆ తిమింగలం ఆడో మగో, ఎంత పొడుగో రాసిపెట్టగలరా అని షెడ్డులో అందరినీ అడిగాడు. కోత ఊపులో ఉన్నవాళ్ళకి ఎముకలతో పనేమిటి? అందరూ నవ్వి తల తిప్పుకున్నారు. షినో ఒక్కతే చేతులు తుడుచుకుని వచ్చింది.

"పన్ను పెట్టి ఏం చేస్తారు డాక్టరుగారూ?"

"వయసు చెప్తానమ్మా. పన్నుని పలచగా కోసి చూస్తే లోపల వరసలుంటాయి. ఏడాదికొకటి."

"చెట్టు మొద్దులో గీతల్లాగానా?"

"సరిగ్గా అలాగే."

ఆ రోజు నుంచి పళ్ళ పని షినోది. దవడ ఎముక పగలగొట్టడానికి గెంజో దగ్గరే ఒక ఉలి అడిగి తీసుకుంది. పాత కిమోనో గుడ్డతో చిన్న చిన్న సంచులు కుట్టింది. ఒక్కో పన్నునీ ఉడకబెట్టి, శుభ్రం చేసి, తేదీ, వివరాలు రాసిన కాయితంతో సహా సంచిలో వేసి మూతి కట్టేది. నెగోరో అక్టోబరులో వచ్చి తీసుకెళ్ళేవాడు. మళ్ళీ చలికాలం ముగిసేలోగా ఉత్తరం వచ్చేది. అందులో ఫలానా సంచిలోది పంతొమ్మిదేళ్ళది, ఫలానాది నలభై రెండేళ్ళది అని వరసగా ఉండేది. ఆ ఉత్తరాన్ని షినో ఇంటి పనంతా పక్కన పెట్టి చదివేది.

అలా ఏడెనిమిదేళ్ళు ఉత్తరాలు దగ్గర పెట్టుకుని చూశాక ఆమెకి ఒక సంగతి తట్టింది. బాగా ముసలివన్నీ మగవే. ఆడవి యాభై దాటడమే ఎక్కువ. మగవి డెబ్బై దాకా బతుకుతున్నాయి. మనుషుల్లో ముసలవ్వలే ఎక్కువ కదా, వీటిలో తాతలు మిగలడమేమిటని నెగోరోకి రాసింది. తనకీ అదే వింతగా ఉందని, బహుశా ఆ ముసలి మగవి పిల్లల్ని సాకుతాయేమో, కానీ రుజువేమీ లేదని ఆయన జవాబు రాశాడు.

షినో ఆ మాట భోజనాల దగ్గర చెబితే గెంజో గిన్నె దించకుండానే నవ్వాడు.

"మగాళ్ళు పిల్లల్ని సాకడమా? అది సముద్రంలోనే జరగాలిలే."

ఈలోగా ప్రపంచంలో తిమింగలాల గొడవ పెద్దదైంది. దేశాలన్నీ కూర్చుని పెద్ద తిమింగలాల వేట ఆపాలని ఓట్లేశాయని టీవీలో చెప్పారు. సుచి ఆ జాబితాలో లేదు. అయినా ప్రభుత్వం ముందుజాగ్రత్తగా దానికీ హద్దు పెట్టింది. 1984 వేసవికి నగాహమ షెడ్డుకి ఇరవై ఆరు అన్నారు. షెడ్డు యజమాని ఇనాబాకి అది మింగుడుపడలేదు. తాతల నాటి వృత్తికి ఎవరో తెల్లవాళ్ళు హద్దులు గీయడమేమిటని పడవల రేవులో నిలబడి అందరికీ వినిపించేలా తిట్టాడు. ఊరంతా ఆయన పక్షమే. షినో కూడా, ఇంట్లో ఎండిన మాంసం లేని వేసవిని ఊహించుకోలేక, ఆయన అన్నది సబబే అనుకుంది.

లెక్క చూడ్డానికి ప్రభుత్వం పంపిన ఇన్‌స్పెక్టరు వారంలో రెండు రోజులు పక్క రేవుకి వెళ్ళేవాడు. ఆ రోజుల్లో తెచ్చిన సుచిలు కొన్ని కాయితాలకెక్కలేదు. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోలేదు, దాని గురించి మాట్లాడుకోనూ లేదు. షినో మాత్రం అలవాటు ప్రకారం వాటి పళ్ళూ పీకింది. సీజను ముగిసేసరికి ఆమె దగ్గర ముప్పై ఒక్క సంచులున్నాయి.

సెప్టెంబరులో ఇనాబా స్వయంగా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చాడు. డాక్టరుకి ఇరవై ఆరు సంచులే ఇవ్వమని, మిగిలిన అయిదూ సముద్రంలో పారేయమని చెప్పాడు. ఎక్కడివి అక్కడికే చేరతాయని నవ్వాడు కూడా. షినో సరేనని తలూపింది. అంతటి పెద్దాయన ఇంటికొచ్చి అడిగితే కాదనడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు.

మర్నాడు ఆ అయిదు సంచులూ తీసుకుని రేవు గోడ దాకా వెళ్ళింది. పారేసే ముందు ఒక్కసారి విప్పి చూసింది. ముప్పై ఒకటో సంచిలోది సీజను చివర్లో వచ్చిన మగదానిది. అంత అరిగిన పన్ను ఆమె ఎన్నడూ చూడలేదు. చిగుళ్ళ దాకా అరిగి, పై భాగం నున్నగా గులకరాయిలా ఉంది. దీని వయసెంత? డెబ్బయ్యా? ఎనభయ్యా? నీళ్ళలో వేస్తే ఇక ఏ ఉత్తరమూ రాదు. ఆమె సంచులన్నీ మళ్ళీ కట్టుకుని ఇంటికి వచ్చేసింది.

గెంజో చూశాడు. చూసి, చెప్పులు విప్పుతూనే అడిగాడు.

"అయిదు పళ్ళ కోసం ఊరి నోట్లో మట్టి కొడతావా?"

"నేను కొట్టడమేంటి? ఎన్ని పోయాయో తెలీకపోతే ఎన్ని మిగిలాయో ఆ డాక్టరు ఎలా చెప్తాడు? రేపు ఒక్కటీ రాకపోతే నీ కత్తికి ఏం పని?"

"అవన్నీ పెద్దోళ్ళు చూసుకుంటారు."

"ఏ పెద్దోళ్ళు? వాళ్ళలో పన్ను పీకినోడు ఒక్కడున్నాడా?"

గెంజో విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచి అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు.

నెగోరో వచ్చినప్పుడు షినో ముప్పై ఒక్క సంచులూ చాప మీద వరసగా పెట్టింది. ఆయన లెక్క పెట్టాడు. జేబులోంచి ప్రభుత్వం ఇచ్చిన కాయితం తీసి చూశాడు. మళ్ళీ లెక్క పెట్టాడు.

"ఎక్కడో పొరపాటు పడ్డారా షినోగారూ?"

"లేదండీ. గచ్చు మీదకి వచ్చినవాటివే పీకాను. రానివాటి పళ్ళు నాకెలా వస్తాయి?"

ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇవి తీసుకుంటే ఉన్నది ఉన్నట్టు రాయాల్సి వస్తుందని, దాంతో ఆమెకి చిక్కులొస్తాయని మెల్లగా చెప్పాడు.

"రాయండి. ఆ ఆఖరు సంచిలోదాని వయసు మాత్రం నాకు ముందు చెప్పండి."

చిక్కులు చెప్పినట్టే వచ్చాయి. మరుసటి వేసవికి షెడ్డు హద్దు ఇరవై ఒకటికి తగ్గించారు. ఇన్‌స్పెక్టరు సీజనంతా అక్కడే మకాం పెట్టాడు. ఇనాబా షినోని పనిలోకి రావద్దని కబురు పంపాడు. గెంజోని మాత్రం తీసేయలేదు. అలాంటి కత్తి పట్టేవాడు మరొకడు లేడు మరి. మాంసం ఎండేసే చోట ఆడవాళ్ళు ఆమె తడికకి జాగా లేదన్నారు. ఒకావిడ బకెట్ల వరసలో, ‘ఎందుకమ్మా, ఇప్పుడు తెలిసిందా ఎందుకో?’ అని అందరూ వినేలా అడిగింది. షినో తన తడికని ఇంటి కప్పు మీద వేసుకుంది. అక్కడ గాలి బాగా వచ్చి మాంసం ఇంకా బాగా ఎండింది. ఆ మాట చెబుదామన్నా వినేవాళ్ళు లేరు.

ఉత్తరం మాత్రం ఆ వేసవికి ముందే వచ్చింది, ఎప్పటికంటే ఆలస్యంగా, ప్లమ్ చెట్లు పూసి రాలాక. షినో వంటింట్లో నిలబడే చదివింది. గెంజో చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. ఆరు నెలలై ఆమెని తనంతట తాను ఏమీ అడగని మనిషి.

"ఎంతంట?"

"దేనికి?"

"ఆ అరిగినదానికే. దాన్ని కోసింది నేనే కదా."

"ఎనభై ఒకటికి తక్కువ లేదంట. పై వరసలు అరిగిపోయాయంట, ఇంకా ఎక్కువే ఉండొచ్చంట."

గెంజో వేళ్ళ మీద లెక్కేశాడు. "మా నాన్న కంటే పెద్దది," అని చెప్పులు మళ్ళీ విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఉత్తరం మొదటినుంచీ చదవమన్నాడు. ఆమె చదివింది. ఆడవాటి వయసుల దగ్గర ఆమెని ఆపి, తాతల సంగతి మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి నవ్వలేదు.

కొన్నేళ్ళకి బయటివాళ్ళు రావడం మొదలైంది. వేట ఆపాలని రాసిన అట్టలు పట్టుకుని రేవులో నిలబడే విదేశీయులు, వాళ్ళని ఫొటోలు తీసే విలేఖరులు. ఒక పొడుగాటి అమ్మాయి దుబాసీని వెంటబెట్టుకుని షినో ఇంటికి వచ్చింది. మీరు ధైర్యవంతులు, వేట తప్పని కెమెరా ముందు చెప్పండి అని అడిగింది. షినో ఎండు మాంసం పళ్ళెంలో పెట్టి ముందుకి జరిపింది. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"నేను లెక్కపెట్టమన్నానమ్మా. ఆపమని ఎప్పుడన్నాను?" అంది షినో.

అదే వారంలో ఇనాబా కొడుకు వచ్చాడు. సుచిలు సముద్రం నిండా ఉన్నాయని, వేటతో నష్టమేమీ లేదని ఆమె నోటితో చెబితే జనం నమ్ముతారన్నాడు. తండ్రి కోపం కూడా చల్లారుతుందన్నాడు. సముద్రం నిండా ఎన్ని ఉన్నాయో చెప్పమని షినో అడిగింది. అతనికి తెలీదు. నాకూ తెలీదు బాబూ, తెలీనిది టీవీలో ఎలా చెప్పను అని పంపేసింది. దాంతో అటు ఆ అమ్మాయికీ ఇటు ఇతనికీ ఆమె మీద కోపమే మిగిలింది.

గెంజో పోయిన రెండేళ్ళకి, షినోకి అరవై ఏడప్పుడు, నెగోరో నుంచి వేరే రకం ఉత్తరం వచ్చింది. సుచిలని చంపకుండా, సముద్రం మీద తిరుగుతూ లెక్కపెట్టే ఓడ ఒకటి బయల్దేరుతోంది, కళ్ళు బాగున్నాయి కదా, రండి అని. ఆ తీరంలో వేట పడవ మీద ఆడమనిషి కాలు పెట్టకూడదన్న మాట ఒకటుండేది. ఇది వేట పడవ కాదు కదా అని షినో తనకి తానే చెప్పుకుని ఎక్కింది.

మొదటి రెండు రోజులు వాంతులే. మూడోనాడు పొద్దున్న బూడిదరంగు వీపులు పది నీళ్ళ పైకి వచ్చాయి, పక్కపక్కనే, ఒకేసారి ఊపిరి వదులుతూ. ఆమెకి తెలిసిన దేహాలే, కానీ అవి ఇలా ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తాయని ఆమెకి తెలీదు. కాసేపటికి అన్నీ కలిసి మునిగిపోయాయి. నెగోరో నిమిషాలు లెక్కపెట్టే గడియారం ఆమె చేతిలో పెట్టాడు. పది నిమిషాలు, ఇరవై, నలభై. కుర్రవాళ్ళు టీ తాగడానికి లోపలికి వెళ్ళారు. ఆమె కదల్లేదు.

అరవై మూడో నిమిషంలో ఓడకి అవతలి పక్కన, ఎవరూ ఎదురుచూడని చోట పైకి వచ్చాయి. వాటి మధ్యలో ఒక చిన్నది. దానికి అటూ ఇటూ ఒళ్ళంతా తెల్లటి గీతలున్న రెండు పెద్దవి.

"తాతలే," అంది షినో.

"గీతలు ఆడవాటికీ ఉంటాయండీ," అన్నాడు నెగోరో. "పైనుంచి చూసి ఆడో మగో చెప్పలేం."

షినో ఆ రెండు వీపులనీ అవి మళ్ళీ మునిగేదాకా చూసింది. తర్వాత మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, పెద్దవి తొమ్మిది, పిల్ల ఒకటి, నీళ్ళ కింద అరవై మూడు నిమిషాలు అని రాసింది. ఆడో మగో రాయాల్సిన గడి దగ్గర పెన్సిలు కొంచెంసేపు ఆగింది. ‘తెలియదు’ అని రాసి, గడియారం మళ్ళీ సున్నా దగ్గర పెట్టుకుంది.