నాలుగొందలమంది ఎంగిలి

విమానం దిగి ఒక రోజు తిరక్కుండానే ఆవిడకి ఛీఛీ పిన్ని అని పేరు పడిపోయింది. పెట్టింది పరాయివాళ్ళు కాదు, సొంత అక్క కూతురే. ఎయిర్‌పోర్టు మరుగుదొడ్లో నీళ్ళ చుక్క లేదు, గోడకి కాగితం చుట్ట వేలాడుతోంది. దాన్ని చూసి ఒక ఛీ. బస్సులో ఎదుటి సీటు మీద బూటుకాళ్ళు బారజాపినవాణ్ణి చూసి ఇంకో ఛీ. అద్దె ఇంట్లో పక్కగది పిల్ల వీధి చెప్పులతోనే వచ్చి పిన్ని పడుకోబోయే పరుపు మీద కూర్చుంటే రెండు. రాత్రి అన్నానికి కూర్చునేసరికి పిన్ని నోరు ఛీ అనీ అనీ ఎండిపోయింది.

పిన్నికి నలభై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయి పన్నెండేళ్ళు. ఆడపిల్లల హాస్టల్లో పంతొమ్మిదేళ్ళు వంట చేసింది. రెండువందలమందికి పప్పు వండినా ఒక్కనాడూ నోట్లో వేసుకుని రుచి చూసిన పాపాన పోలేదు. మరుగుతున్న గుండిగ మీదకి వంగి ముక్కుతో ఒక్కసారి పీల్చేది, ఉప్పు చాలిందో లేదో చెప్పేసేది. "తినేవాళ్ళకంటే ముందు నేను నాలిక పెడితే అది వంటెలా అవుతుందే, ఎంగిలవుతుంది గానీ!" అనేది.

హాస్టలు మూతపడ్డాక తమ్ముడి పంచన చేరింది. తమ్ముడు నోరులేనివాడు. ఆ లోటు మరదలు తీర్చేది. ఇంటికి ఎవరొచ్చినా సరే, "మా వదినగారి గుప్పిట్లో ఉప్పుమడి ఉందండీ, మంచినీళ్ళు పక్కన పెట్టుకుని తినండి" అని నవ్వేది. తిట్టినా పడేది పిన్ని, చేతి వంటకి వంక పెడితే మాత్రం పడే రకం కాదు. అందుకే అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి కావాలట, ఇక్కడ చెఫ్ అంటారు" అనగానే పెట్టె సర్దేసింది. గుమ్మం దిగుతూ వీధి వీధంతా వినేలా, "నా వంట తినడానికి విమానం పంపించి పిలిపించుకుంటున్నారమ్మా. ఉప్పెక్కువని వాళ్ళెవరూ అన్లేదు మరి!" అని ఒక్కటి అంటించి మరీ వచ్చింది.

ఇక ఆ అక్క కూతురి సంగతి. దాన్ని అందరూ కోతలమ్మ అంటారు. క్యాంటీన్లో ఆరేళ్ళుగా కూరలు కోస్తుంది, నోటితో అంతకు పదింతలు కోస్తుంది. పనిలో దిగిన మొదటి రోజే ఆ కోత బయటపడింది. పిన్నిని తీసుకెళ్ళి నిలబెట్టింది పొయ్యి దగ్గర కాదు, తొట్టి దగ్గర. కంచాలు కడిగే గది.

"ఇదేమిటే?"

"వంటపనికనే రాయించాను పిన్నీ, నీ మీద ఒట్టు. కాకపోతే మొదటి మూడు నెలలు ఏ పని చెప్తే అది చెయ్యాలి. ఆ తర్వాత నచ్చితే పొయ్యి దగ్గరికి తీసుకుంటారు."

"నచ్చకపోతే?"

"టిక్కెట్టు వాళ్ళే కొంటార్లే."

"ఈ ముక్క అక్కడుండగా ఏడవొచ్చుగా!"

"ఏడిస్తే వచ్చేదానివా?"

అదీ కథ. మూడు నెలల్లో పొయ్యి ఎక్కాలి. లేదంటే పెట్టె పట్టుకుని మరదలి గుమ్మం ఎక్కాలి. మధ్యలో దారి లేదు.

ఆ కంచాల గది రోత చెప్తే తీరేది కాదు. గోడలో కిటికీలాంటి కంత ఉంది. అందులోంచి రబ్బరు పట్టా మీద నాలుగొందలమంది తిని వదిలేసిన కంచాలు వరసగా వస్తాయి. కడిగేది మిషనే. గీకేది పిన్ని. కొరికి వదిలిన ముక్కలు, నమిలి ఉమ్మిన పీచు, ముక్కు చీది గ్లాసులో కుక్కిన కాగితాలు, కంచం అడుగున అంటించిన బబుల్‌గమ్ము. కట్టుకున్న మొగుడి కంచం, కడుపున పుట్టినవాళ్ళ కంచం తప్ప మూడో మనిషి ఎంగిలి ముట్టని చెయ్యి అది. పిల్లలు లేరు గనక ఉన్నది ఒక్క మొగుడి కంచమే. ఇప్పుడు నాలుగొందలమంది మొగుళ్ళు! రెండు గ్లౌజులు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, మూతికి పైటకొంగుకి బదులు తువ్వాలు కట్టుకుని గీకేది.

ఒకరోజు గ్లాసులోంచి కట్టుడుపళ్ళ జత బయటపడింది. పిన్ని కెవ్వున అరిచింది. అంతలోనే పళ్ళ ఆసామి బోసినోటితో పరిగెత్తుకొచ్చాడు. ఆ జతని కుళాయి కింద ఇలా చూపించి, అలా నోట్లో టక్కున బిగించుకుని, పిన్నికి వంగి దణ్ణం పెట్టినట్టు తలూపి వెళ్ళిపోయాడు. పిన్ని ఆ పూట, మర్నాడూ అన్నం తినలేదు.

"ఎంగిలి అనే మాటని వీళ్ళ భాషలో ఏమంటారే?" అని అడిగింది కోతలమ్మని.

కోతలమ్మ ఆలోచించింది. జీవితంలో మొదటిసారి కోత కొయ్యకుండా నిజం చెప్పింది. "ఆ మాట లేదు పిన్నీ. మురికి అనే మాట ఉంది, ఉమ్ము అనే మాట ఉంది. ఎంగిలికి లేదు."

"అదీ సంగతి. మాటే లేనివాళ్ళకి రోత ఎక్కణ్ణుంచి వస్తుంది!"

ఇంటికొస్తే ఇంట్లో మాత్రం ఏం సుఖం. పక్కగది పిల్ల జుట్టు స్నానాల గదిలో నీళ్ళు పోయే జల్లెడ నిండా ఉండలు ఉండలుగా ఉండేది, పిన్ని పుల్లతో లాగి పారేసేది. ఫ్రిజ్జులో పోయిన నెల తెచ్చిన చారు బూజు పట్టి, మూత మీద ఆ పిల్ల పేరుతో భద్రంగా ఉండేది. ఊళ్ళో చెంబు దొరక్క పిన్ని వంటసామాన్ల కొట్లో గీతలున్న పెద్ద కొలపాత్ర కొని మరుగుదొడ్లో పెట్టుకుంది. ఒక ఆదివారం చూస్తే ఆ కొలపాత్రలో జుట్టుపిల్ల పాలు పోసి, గుడ్డు కొట్టి, గిలక్కొడుతోంది.

"అది మనది కాదా పిన్నీ?" అని కోతలమ్మ గుసగుసలాడింది.

"మనదే. నోరు మూసుకో. వాళ్ళకి మాటే లేదన్నావుగా, తాగనీ."

కానీ అన్నిటికంటే పిన్నికి రోత పుట్టించింది మీసాలాయన. క్యాంటీన్ పెద్ద వంటవాడు. మనిషికంటే మీసాలు ముందు నడుస్తాయి. కంచాల గది కంతలోంచి చూస్తే పొయ్యి వరస అంతా కనిపిస్తుంది. మీసాలాయన గరిటె సూపులో ముంచుతాడు, సర్రున జుర్రుతాడు, మీసాలు తుడుచుకుంటాడు, ఆ గరిటే మళ్ళీ సూపులో ముంచి కలుపుతాడు. తర్వాత పక్క గుండిగ. మళ్ళీ జుర్రు, మళ్ళీ ముంచు. మొదటిసారి చూసినప్పుడు పిన్ని ఇదేదో పొరపాటనుకుంది. వారం చూశాక తెలిసింది, అది పద్ధతి. ఆ రోజు నుంచి క్యాంటీన్ తిండి ముట్టలేదు. ఇంట్లో వండుకున్న పప్పన్నం డబ్బాలో తెచ్చుకుని, గోడవైపు తిరిగి తినేది.

మూడు నెలలు నిండటానికి ఇంకో పదిరోజులుందనగా మీసాలాయన కింద పనిచేసే వంటవాడు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. క్యాంటీన్ యజమానురాలు కంచాల గదిలోకి వచ్చింది. నడుముకి తాళాల గుత్తి గలగలలాడుతుంటుంది గనక ఆవిణ్ణి వీళ్ళిద్దరూ తాళాలమ్మ అనుకుంటారు. పిన్నిని వంటకని రాయించిన కాగితం చూసి ఏదో అంది. కోతలమ్మ మొహం వెలిగింది.

"రేపు పప్పు సూపు నువ్వే చెయ్యాలట పిన్నీ. బాగుంటే ఒకటో తారీఖు నుంచి పొయ్యి దగ్గరే. లేకపోతే…"

"లేకపోతే సంగతి నాకు తెలుసులే."

మర్నాడు పిన్ని చెయ్యి చూడాలి! నలభై లీటర్ల గుండిగలో పప్పు వెన్నలా మెదిగింది. వెల్లుల్లి తిరగమోత పడగానే కోతబల్లల దగ్గర ఉన్నవాళ్ళు తలలెత్తారు. పిన్ని వంగి ఒక్కసారి పీల్చి, "దించెయ్యండి" అంది.

మీసాలాయన అడ్డం నిలబడ్డాడు. గరిటె చేతికిచ్చి నోరు చూపించాడు, గోడమీది కాగితం చూపించాడు. రుచి చూసి సంతకం పెడితే గానీ ఏ గుండిగా బయటికి పోకూడదట.

"నాకు ముక్కు చాలని చెప్పవే."

"చాలదంటున్నాడు పిన్నీ. రూలట."

గరిటెని నోటికి తగిలించడం తన వల్ల కాదు. తగిలించి మళ్ళీ గుండిగలో పెట్టడం చచ్చినా కాదు. పిన్ని ఒక క్షణం ఆలోచించింది. మన ఇళ్ళల్లో ఎవరైనా రుచి చూడాలంటే ఎలా చూస్తారో అలాగే, కుడిచేతి గ్లౌజు ఊడబీకి, గరిటెతో రెండు చుక్కలు ఎత్తి అరచేతిలో వంచుకుని, నాలిక మీద వేసుకుంది. చెయ్యి కడుక్కుందామని తొట్టివైపు తిరిగేసరికి వంటగదంతా కొయ్యబారి ఉంది.

పిన్ని తాళాలమ్మ మొహం చూసింది. కళ్ళు చిన్నవయ్యాయి, ముక్కుపుటాలు ముడుచుకున్నాయి, పెదవి ఒక పక్కకి లాగింది. ఎనభై రోజులుగా పిన్ని వీళ్ళందరినీ చూసి పెడుతున్న మొహమే అది. వట్టి చేత్తో నాకిందట! గుండిగ పక్కనే నిలబడి నాకిందట! ఇద్దరు మనుషులొచ్చి నలభై లీటర్ల పప్పునీ ఎత్తి కాలవలో కుమ్మరించారు.

వండిన పదార్థం మురిక్కాలవలో పడుతుంటే పిన్నికి కళ్ళలో నీళ్ళూ, నోట్లో నిప్పులూ ఒకేసారి వచ్చాయి.

"ఏవే, చెప్పు దానికి! నా అరచెయ్యి గుండిగలో పడిందా? ఈ మీసాలోడి ఉమ్ము రోజుకి ఇరవైసార్లు పడుతోంది! వీడి నోట్లోంచి గుండిగలోకి, గుండిగలోంచి నోట్లోకి! నాలుగొందలమందికి వీడి ఎంగిలి పోస్తూ నన్ను అసహ్యించుకుంటుందా? చెప్పవే!"

కోతలమ్మ తాళాలమ్మతో ఏదో చెప్పింది. తాళాలమ్మ మెత్తబడి, జాలిగా తలూపి, కొంచెం నవ్వింది కూడా.

"నేనింత తిట్టు తిడితే అది నవ్వుతుందేమే? ఏం చెప్పావు?"

"నువ్వు… క్షమించమన్నావనీ, ఇంకెప్పుడూ చెయ్యనన్నావనీ…"

"నీ కోతలు తగలెయ్య!"

ఇక భాషతో పనిలేదనుకుంది పిన్ని. మీసాలాయన చేతిలోంచి గరిటె లాక్కుని అతని సూపు గుండిగ దగ్గర నిలబడింది. ముంచినట్టు ఆడించింది. సర్రున జుర్రినట్టు చప్పుడు చేసింది. లేని మీసాలు రెండువైపులా తుడుచుకుంది. మళ్ళీ ముంచినట్టు ఆడించింది. మళ్ళీ జుర్రింది. మీసాలాయన నడకతో సహా పక్క గుండిగకి వెళ్ళి అక్కడా అదే. కోతబల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మీసాలాయన చెవులు ఎర్రబడ్డాయి. కాదనలేదు.

తాళాలమ్మ నవ్వలేదు. గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి, గోడబీరువా తెరిచి, పై అరలోంచి దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టె దించింది. నిండా చిన్న చిన్న చెక్క చెంచాలు. ఒకసారి వాడి పారేసేవి. సీలు కూడా విప్పలేదు. పెట్టెని మీసాలాయన గుండెకి గట్టిగా ఆనించి నాలుగు మాటలంది. ఆ నాలుగూ తిట్లేనని పిన్నికి భాష రాకపోయినా తెలిసింది. తర్వాత పిన్నివైపు తిరిగింది.

"రేపు మళ్ళీ చెయ్యాలట," అంది కోతలమ్మ, ఈసారి ఒక్క అక్షరం కొయ్యకుండా. "చెంచాతో రుచి చూడాలట. చూడనంటే మాత్రం పొయ్యి లేదట. నీకూ అదే రూలు, మీసాలాయనకీ అదే రూలట."

"వడ్డించకముందే నాలిక పెట్టమంటుందా?"

"చెంచా పారేస్తావుగా పిన్నీ. గుండిగకి తగలదుగా."

"గుండిగకి తగలకపోతే నా బుర్రకి తగుల్తుందే."

మర్నాడు మళ్ళీ పప్పు ఉడికింది, మళ్ళీ తిరగమోత పడింది. పిన్ని వంగి పీల్చింది, అంతా బాగానే ఉందంది ముక్కు. తాళాలమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. పిన్ని చెక్క చెంచా ముంచింది, కళ్ళు మూసుకుని, కషాయం తాగే పిల్లలా నోట్లో పెట్టుకుంది.

ఉప్పు ఎక్కువైంది.

పిసరే. కానీ ఎక్కువే. నిన్న అరచేతిలో చూసిన రెండు చుక్కలు ఆ గొడవలో నాలిక మీద నిలవనేలేదు. ఇవాళ నిలిచింది. పంతొమ్మిదేళ్ళు రెండువందలమంది ఆడపిల్లలు మంచినీళ్ళు తాగి ఊరుకున్నారు కాబోలు. ఈ దేశంలో చూసిన రోతలన్నీ ఒక ఎత్తు, మరదలి మాట నిజమవడం ఒక్కటే ఒక ఎత్తు.

చెంచా చెత్తబుట్టలో విసిరింది. ఎవరి మొహమూ చూడకుండా రెండు గిన్నెల వేడినీళ్ళు పోసింది, ఉడికించిన బంగాళాదుంపలు నాలుగు చిదిమి కలిపింది. ఇంకో చెంచా తీసింది. ఇంకోటి. ఆరో చెంచాకి కుదిరింది. కాగితం మీద సంతకం పెట్టింది.

"ఆరు చెంచాలెందుకు పిన్నీ?" అంది కోతలమ్మ.

"కొత్త పొయ్యి కదా, మంట తెలియొద్దూ!" అంది పిన్ని. కోతలు ఆ ఇంటి రక్తంలోనే ఉన్నాయి.

మధ్యాహ్నం వడ్డన బల్ల దగ్గర పిన్నినే నిలబెట్టారు. తల మీద తెల్లటోపీ. తాళాలమ్మ ఒక గిన్నెడు తాగి, ఒకటో తారీఖు అన్నట్టు వేలెత్తి చూపించి వెళ్ళిపోయింది. వరస సగం అయ్యేసరికి ముందు తినేసినవాడొకడు మళ్ళీ వచ్చాడు. బండమనిషి, గోళ్ళ నిండా గ్రీజు. ఎదురుగా ఉన్నది రాతి విగ్రహమే అన్నట్టు సిగ్గు లేకుండా పిన్ని ముందు నిలబడి, గిన్నె అడుగున మిగిలిందాన్ని వేలితో చుట్టూ తిప్పి తీసి, ఆ వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, ఎంగిలి గిన్నె అలాగే ముందుకి చాపాడు.

"ఛీ!" అంది పిన్ని.

వాడు పళ్ళికిలించాడు. గిన్నె ఇంకాస్త ముందుకి చాపాడు.

పిన్ని గరిటె నిండా పప్పు తీసింది. గరిటె వాడి గిన్నెకి తగలకుండా జానెడు పైకెత్తి పట్టుకుని, ఒక్క చుక్క కూడా చిందకుండా అందులోకి వంచింది.