సైరన్ వేళకు రొట్టె

జొన్నరొట్టె కాలే వాసన వస్తే చాలు, నా చెవుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగుతుంది. సాయంత్రం అమ్మ చివరి రొట్టె పెనం మీంచి తీయగానే అది కూసేది, బాపు డ్యూటీ దిగి వచ్చేవాడు. మా పొయ్యిని చూసే సైరన్ వేస్తారని చిన్నప్పుడు నా నమ్మకం.

ఒకరోజు అమ్మ జ్వరంతో పడుకుంది. పొయ్యి వెలగకపోయినా సైరన్ మోగింది. నేను ఏడుస్తూ ఫ్యాక్టరీ గేటు దాకా ఉరికి బాపును ఆపాను.

"రొట్టెలింక గాలే బాపూ! నువ్వు మల్ల లోపలికి పో!"

"గట్లనా? అయితే పా బిడ్డా, మనమే వండుదాం."

బాపు మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క అడుగంటింది. పొగలు కక్కుతున్న దాన్ని అమ్మ మారు అడిగి మరీ తింది. జ్వరంతో నోటికి రుచి తెలియడం లేదేమో అనుకున్నాను.

అందరికీ పెట్టి, చల్లారిన రొట్టె తినే వయసు నాకూ వచ్చాక తెలిసింది. మా అమ్మ వేడివేడిగా తినగా నేను చూసింది ఆ ఒక్క పూటే.