చక్రాల కుర్చీ పట్టే వ్యాన్ కోసం పీణ్య నుంచి ఆనేకల్ దాకా

పదకొండేళ్లు నర్సుగా పనిచేశాక, బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న పని మొదలుపెట్టాను. నడవలేనివాళ్లను ఇంటి నుంచి డయాలసిస్‌కు తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి చేర్చడం. వ్యాన్ అద్దెది. నెలాఖరుకు వెనక్కి తీసుకుంటానని యజమాని ఉన్నట్టుండి ఫోన్ చేశాడు. నేను తీసుకెళ్లే ఆరుగురిలో సుగుణమ్మ గారికి నడుం వంగదు. కారులో కూర్చోలేరు, వారానికి మూడుసార్లు వెళ్లక తప్పదు. కొత్త వ్యాన్ కొనే స్తోమత నాకు లేదు. అందుకే ఆ నెల మొదటి గురువారం ఉదయం ప్రార్థన చేసుకుని, మడిచిన చక్రాల కుర్చీ ఒకటి వెంట పెట్టుకుని పాత వ్యాన్ వెతుక్కుంటూ బయలుదేరాను.

ఏడున్నరకు సిల్క్ బోర్డు దగ్గర మెట్రో ఎక్కి, మధ్యలో ఒకసారి రైలు మారి, తొమ్మిదికల్లా పీణ్యలో దిగాను. టికెట్ వంద రూపాయల లోపే. అక్కడ షెడ్డు పెట్టుకున్న మెకానిక్ మునిరాజన్న బండ్లు చూసిపెట్టడానికి నాతో వస్తానన్నాడు. ఆయన తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగువాడు.

మొదటి వ్యాన్ దగ్గరలోనే, ఒక బ్రోకర్ యార్డులో ఉంది. తెల్లగా మెరిసిపోతోంది, లోపల సెంటు వాసన. "పన్నెండుకి ఇంకో పార్టీ వస్తా ఉంది మేడమ్. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేయండి," అన్నాడు బ్రోకర్. నా చెయ్యి అప్పటికే బ్యాగులోకి వెళ్లింది.

మునిరాజన్న వెనక సీటు బెల్టును చివరిదాకా లాగాడు. లోపల చుట్టుకుని ఉన్న భాగమంతా ఎండిన బురద.

"వానల్లో మునిగిన బండి ఇది. సీటు దాకా నీళ్లు పోయిండాయి. వద్దమ్మా."

బయటికొచ్చాక ఆయన టీ ఇప్పించి, "ఆనేకల్‌లో నాకు తెలిసినోళ్ల బండి ఒకటి ఉండాది. చూడ్డానికి బాగుండదు. పోదామా?" అన్నాడు. నా ముందే వాళ్లకు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పాడు.

ఆయన కారులోనే టోల్ రోడ్డు మీదుగా చందాపుర చేరి, అక్కడి నుంచి ఆనేకల్ వెళ్లేసరికి గంటన్నర పైనే పట్టింది. యజమాని జయమ్మ. ఆమె భర్త ఆ వ్యాన్‌లో ఫ్యాక్టరీ పనివాళ్లను తిప్పేవాడు. మోకాళ్లు పోయి మానేశాడు. వ్యాన్ ఒక పక్కంతా సొట్టలు, రంగు వెలిసింది. మునిరాజన్న బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది, అంటే ముందే వేడి చేసి లోపం దాచలేదు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది, పొగ లేదు.

వెనక సీటు బోల్టులు విప్పి తీసేసి, కుర్చీ ఎక్కించడానికి రెండు చెక్కపలకలు వాల్చారు. చక్రాల కుర్చీలో నేనే కూర్చున్నాను. మునిరాజన్న లోపలికి నెట్టాడు. తలకూ పైకప్పుకూ మధ్య నాలుగు వేళ్ల జాగా మిగిలింది.

"మా అత్తని ఆటోలో మడిచి కూచోబెట్టి తీసుకుపోతా ఉంటిమి," అంది జయమ్మ, నన్నే చూస్తూ. "అట్ల పనికైతే నీకే ఇస్తానమ్మా." నాలుగు లక్షల తొంభై వేలకు ఇస్తానన్నది నాలుగు డెబ్బైకి ఒప్పుకుంది.

తీరా ఆర్‌సీ చూస్తే, బండి మీద బ్యాంకు లోన్ ఇంకా ఉన్నట్టే రాసి ఉంది. "కట్టేసినాము కదప్పా!" అంటూ జయమ్మ బీరువా అంతా తీసింది. కాగితం దొరకలేదు. చివరికి ఊళ్లోకి వెళ్లిన భర్తకు ఫోన్ చేసింది.

ఆయన చెప్పింది విని, "స్వల్ప ఆగండి," అంటూ జయమ్మ లోపలికి వెళ్లి, చీర పెట్టె అడుగు నుంచి పోయిన వారమే తెచ్చిన, లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చిన పత్రం పట్టుకొచ్చింది. మునిరాజన్న రెండుసార్లు చదివి తలూపాడు. అడ్వాన్స్ ఇచ్చి అక్కడే భోజనం చేశాను. ఉదయం నుంచి నాకు ఆకలే తెలియలేదు.

పేరు మార్పు, అనుమతులు అన్నీ పూర్తయ్యేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. అద్దె వ్యాన్ వెళ్లిపోయిన మర్నాడే సుగుణమ్మ గారు తన కుర్చీలోంచి దిగకుండా మా వ్యాన్ ఎక్కారు. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ, ఏ దుకాణం మూతపడిందో, ఏది కొత్తగా వచ్చిందో నాకు చెబుతూనే ఉన్నారు. చాలా రోజుల తర్వాత నా భుజాలు తేలికపడ్డాయి. ఇలాంటి పనికే వ్యాన్ కొనేవాళ్లకు ఒక్క మాట: సీట్లు తీసి కుర్చీకి చోటు చేయాలంటే రవాణా కార్యాలయం అనుమతి కావాలి. బేరానికి కూర్చునే ముందే అక్కడికి వెళ్లి, మీరు చూస్తున్న మోడల్‌కు ఆ అనుమతి ఇస్తారో లేదో అడిగి తెలుసుకోండి.