ఎరువు గుంత మీద అర్జీ

నిజాం పాలన పోయి కొత్త అధికారులు వచ్చిన రోజులవి. సూర్యాపేటలో మా వాడ చివర పెద్ద గుంత తవ్వించి, ఊరి చెత్తా పేడా అందులో పోసి, మట్టి కప్పి ఎరువు చేయించసాగారు. దాని కంపుకు ముద్ద దిగడం లేదని వాడంతా గగ్గోలు పెట్టింది. కచేరీల్లో ఇంకా ఉర్దూయే నడిచేది; అది రాయగల పంతుల్ని నేనొక్కణ్ణే కనుక అర్జీ నాతో రాయించారు. నేనూ పగబట్టినట్టే రాశాను. ఆ కంపుకు పసిపిల్లలు పాలు తాగడం మానేశారని కూడా రాశాను.

మా అందరి ఇళ్ల ముందూ తలా ఒక పెంటకుప్ప ఉందన్న సంగతి మాత్రం రాయలేదు. అది మాకు కంపు కాదు, పొలానికి తోలుకునే ఆస్తి. పిల్లనిచ్చేవాళ్లు కూడా ముందు దాని ఎత్తే చూసేవారు.

తనిఖీకి వచ్చిన అధికారి వాడ మొదట్లోనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇదేనా?" అన్నాడు.

"కాదు దొరా! గిది మా ఇంటి పెంట. గిదేం వాసనొస్తది?" అన్నాడు వాడ పెద్ద.

ప్రతి కుప్ప దగ్గరా అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి గుంత దగ్గర ఆయన రుమాలు తీసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అర్జీ బాగా రాశారు. జాగా ఒక్కటే తప్పు రాశారు" అని నాతో అని వెళ్లిపోయాడు.

వాడ పెద్ద వెంటనే తేల్చేశాడు. "గా సారు ముక్కు సక్కగ లేదు. ఇంకో సారును పంపుమని రాయుండ్రి పంతులూ!"

రాశాను. మా కుప్ప పక్కనే మంచం వాల్చుకుని.